ఆక్సిజన్ సెన్సర్ చేత మా ఆయన చెప్పించిన అబద్ధం

మా ఊరి తెలుగు సంఘం పత్రికలో ఉద్యోగ జ్ఞాపకాల శీర్షిక మొదలుపెట్టి తొమ్మిదేళ్ళయింది. ఈ తొమ్మిదేళ్ళలో గుండె డాక్టరు రాశారు, పళ్ళ డాక్టరు రాశారు, వైస్ ప్రెసిడెంట్లు నలుగురు రాశారు. రిటైరవకముందే ఒకాయన రెండుసార్లు రాశారు. పదహారేళ్ళు కార్ల గ్యారేజీలో పనిచేసిన నన్ను ఎవరూ అడగలేదు. కిందటి నెల అడిగారు. అదీ, ఈసారి రాయాల్సిన పెద్దమనిషికి వీలుపడలేదని చెప్పి మరీ అడిగారు. ఆ ముక్క చెప్పకుండానే అడగొచ్చు. చెప్పారు కాబట్టి నాకు గుర్తుండిపోతుంది.

"ఆంటీ, సక్సెస్ స్టోరీ ఏదైనా రాయండి, యూత్‌కి ఇన్‌స్పైరింగ్‌గా ఉండాలి" అన్నారు ఫోన్లో. సక్సెస్ రాసేవాళ్ళు ఎటూ ఉన్నారు. నేను ఐదు కార్ల ఫెయిల్యూరు సంగతి రాస్తున్నాను. అందులో ఒకటి మాదే. ఇంట్లోవాళ్ళ సంతోషం చెడగొట్టలేక, తెలిసిన మాట నోట్లోనే దాచుకునే అలవాటు మీలో ఎవరికైనా ఉంటే ఇది మీకోసమే.

మోరిస్‌విల్‌లో మా గ్యారేజీ చిన్నది. రెండు లిఫ్టులు, ఒక ఆఫీసు గది, ఎప్పుడూ మాడువాసన వేసే కాఫీ మిషను. ఇక్కడ కార్లు ఏడాదికోసారి తనిఖీలో పాసవ్వాలి, లేకపోతే రిజిస్ట్రేషన్ కొనసాగించరు. బ్రేకులు, లైట్లు, టైర్లు కళ్ళతో చూస్తాం. పొగ సంగతి మాత్రం స్టీరింగ్ కింద ఉండే సాకెట్‌లో మా మిషను తీగ గుచ్చి కారు కంప్యూటర్‌నే అడుగుతాం. పదమూడేళ్ళు నేను చేసిన పని అదే.

అంతకుముందు మూడేళ్ళు అక్కడే ఫోన్లు ఎత్తాను. అంతకుముందు పన్నెండేళ్ళు, ఉద్యోగం చెయ్యనివ్వని డిపెండెంట్ వీసా మీద ఇంట్లో కూర్చున్నాను. అంతకుముందు గుంటూరులో ఆడపిల్లల కాలేజీలో ఫిజిక్స్ చెప్పాను. నా కథ ఇలా వెనక్కి చెప్పుకుంటేనే నాకు బాగుంటుంది. ముందునుంచి చెబితే మెట్లు దిగినట్టుంటుంది.

ఫోన్ల దగ్గరనుంచి నన్ను లేపి పనిలో పెట్టింది మా సీనియర్ మెకానిక్. అప్పటికే అరవై దాటిన తెల్లాయన, ఒక మోకాలు వంగదు. ఒకరోజు ఆయన మీటర్ పెట్టి ఏదో వైరు చూస్తూ విసుక్కుంటుంటే, కాఫీ కప్పుతో అటుగా వెళ్తున్నదాన్ని ఆగి, "మీ నల్ల తీగ పట్టుకున్నచోట తుప్పుంది, అందుకే రీడింగ్ అలా వస్తోంది" అన్నాను. ఆయన తుప్పు గీకి మళ్ళీ పెట్టాడు. మర్నాడు నా బల్ల మీద ఇన్‌స్పెక్టర్ పరీక్ష పుస్తకం ఉంది. ఆ రోజునుంచి నన్ను ప్రొఫెసర్ అని పిలిచాడు. వెక్కిరింపు కాదు. వెక్కిరింపయితే నాకు తెలుస్తుంది.

పరీక్ష మొదటిసారే పాసయ్యాను. "మీవాళ్ళు పరీక్షలు బాగా రాస్తారులే" అన్నాడు ఓనరు. అది గుర్తుంది. ఆ తర్వాత మనవాళ్ళ ఇంట్లో ఒక పుట్టినరోజు పార్టీలో నేను పులిహోర వడ్డిస్తుంటే, ఒకావిడ ప్లేటు వెనక్కి లాక్కుని "చేతులు శుభ్రంగా కడుక్కున్నారా అండీ, గ్రీజు పులిహోర అయిపోగలదు" అంది. అందరూ నవ్వారు. మా ఆయనా నవ్వారు. కార్లో వస్తూ "సరదాగా అందోయ్, వదిలెయ్" అన్నారు. ఆవిడ టెక్సస్ వెళ్ళిపోయి చాలా ఏళ్ళయింది. నేనింకా వదల్లేదు.

ఇక అసలు సంగతి.

మా ఆయన ఒక కంప్యూటర్ చిప్పుల కంపెనీలో ఇరవైరెండేళ్ళు పనిచేశారు. ఒక శుక్రవారం సాయంత్రం మామూలు వేళకే ఇంటికొచ్చి, బూట్లు విప్పుతూ, తల ఎత్తకుండా "నన్ను తీసేశారు" అన్నారు. అప్పటికి ఆయనకి యాభై ఆరు. మొదటి నెల రెజ్యూమె దిద్దుకున్నారు. రెండో నెల దిద్దినదాన్నే దిద్దారు. మూడో నెలకి గడ్డం గీసుకోవడం మానేశారు. శనివారం శనివారం షటిల్ ఆడే స్నేహితులు నలుగురు వచ్చి పిలిస్తే, మోకాలు నొప్పి అని నా ఎదురుగానే అబద్ధం ఆడారు. నేను పని నుంచి వచ్చేసరికి పొద్దున్న కూర్చున్న కుర్చీలోనే ఉండేవారు. టీవీ కూడా పెట్టుకునేవారు కాదు.

ఆ కుర్చీలోంచి ఆయన్ని లేపింది ఆక్సిజన్ సెన్సర్.

కారు పొగగొట్టంలో ఒక సెన్సర్ ఉంటుంది. కాలాక మిగిలిన ఆక్సిజన్ ఎంతో చూసి ఇంజను కంప్యూటర్‌కి చెబుతుంది. ఆక్సిజన్ తక్కువ మిగిలితే పెట్రోలు ఎక్కువ పోస్తున్నామని కంప్యూటర్ తగ్గిస్తుంది, ఎక్కువ మిగిలితే పెంచుతుంది. ఇంతే. ఆ సెన్సర్ తీగ మధ్యలో చిన్న సర్క్యూట్ పెట్టి, వోల్టేజి కొద్దిగా మార్చి, "ఇక్కడ ఆక్సిజన్ తక్కువగా ఉంది" అని చెప్పిస్తే, కంప్యూటర్ నమ్మి పెట్రోలు తగ్గిస్తుంది, మైలేజీ పెరుగుతుంది. ఇంటర్నెట్‌లో ఎవరో చేశారట. అది చూసి మా ఆయన డైనింగ్ టేబుల్ మీద పాత దుప్పటి పరిచి సోల్డరింగ్ ఐరన్ పెట్టారు. మర్నాడు గడ్డం గీసుకున్నారు.

"వద్దండీ, ఇంజనుకి ఎంత పెట్రోలు కావాలో కొన్నేళ్ళు కష్టపడి లెక్కగట్టి పెట్టారు. పైగా చట్టం ఒప్పుకోదు" అన్నాను నేను. ఒక్కసారే అన్నాను.

"నువ్వు తీగ గుచ్చి పాసా ఫెయిలా చూసేదానివి. ఇది కంట్రోల్ థియరీ. నీకు అర్థం కాదులే" అన్నారు.

వోల్టేజి అంటే ఏమిటో వందలమంది ఆడపిల్లలకి చెప్పిన మనిషితో అన్న మాట అది. నాకు ఒళ్ళు మండింది. ఇంకోసారి నోరు విప్పితే నన్నడగండి అనుకున్నాను. మంటొక్కటే అయితే నేను పోట్లాడి ఉండేదాన్ని. ఆ సాయంత్రం ఆయన వంటింట్లోకి వచ్చి, చాలా నెలల తర్వాత, "ఏం కూర?" అని అడిగారు. అందుకని ఊరుకున్నాను.

ఊరుకోవడమే కాదు. వారం తర్వాత ఆయన అడిగారు: "మీ గ్యారేజీలో పాత సెన్సర్ల ప్లగ్గులు పారేస్తారు కదా, ఓ నాలుగైదు తేగలవా? అసలు తీగ కొయ్యకుండా మధ్యలో తగిలించొచ్చు." మా సీనియర్‌ని అడిగాను. పాత సామాను డబ్బా వెతికి ఐదింటిని చేతిలో పెట్టాడు. దేనికని అడగలేదు. నేను చెప్పలేదు. తీసేసిన ప్రతి సామాను మీదా ఆయన పసుపు పెయింటు చుక్క పెట్టేవాడు, పొరపాటున ఎవరూ కొత్తదనుకుని బిగించకుండా. ఆ చుక్కలతోనే వాటిని ఇంటికి తెచ్చాను.

సర్క్యూట్‌ని చిన్న పెట్టెలో బిగించి ముందు మా కారుకి పెట్టారు. పదిహేను రోజుల్లో డాష్‌బోర్డు మీద మైలేజీ గాలనుకి ఇరవై ఏడు మైళ్ళ నుంచి ముప్పై ఒకటయింది. ఎలా అయిందో పక్కసీట్లో కూర్చునే నాకు తెలుసు. ఆ అంకె చూసుకుంటూ ఆయన యాక్సిలరేటర్ మీద కాలు పసిపిల్లవాడి పొట్ట మీద చెయ్యి వేసినట్టు వేస్తున్నారు. ఎర్రలైటు ఫర్లాంగు దూరంలో ఉండగానే కాలు తీసేస్తున్నారు. అలా నడిపితే ఏ పెట్టె లేకపోయినా ముప్పై వస్తుంది. ఆ మాటా చెప్పలేదు.

తర్వాత షటిల్ స్నేహితుల నాలుగు కార్లకీ పెట్టారు. ప్రతి పెట్టె మీదా తెల్ల సిరాతో నంబరు. ప్రతి ఆదివారం అందరికీ ఫోన్ చేసి మైలేజీ అడిగి రాసుకునేవారు. అందరిదీ పెరుగుతూనే ఉంది. "చూశావా?" అని లాప్‌టాప్ నా వైపు తిప్పేవారు. గీతలన్నీ పైకి పోతున్నాయి. ఎవరి కార్లోనైనా ఇంజను లైటు వెలిగితే లాప్‌టాప్ పట్టుకుని వెళ్ళి లైటు చెరిపేసి వచ్చేవారు. ఏది చెడినా ఓసారి రీస్టార్ట్ చేసి చూడటం మన సాఫ్ట్‌వేర్ వాళ్ళకి దేవుడిచ్చిన బుద్ధి కదా.

అదే మమ్మల్ని పట్టించింది. కారు కంప్యూటర్ తనని తాను కొన్ని పరీక్షలు పెట్టుకుంటుంది. లైటు చెరిపితే ఆ పరీక్షలన్నీ మొదటికొస్తాయి. మళ్ళీ పూర్తవ్వాలంటే చల్లబడిన ఇంజనుతో మొదలుపెట్టి ఒక పద్ధతిగా చాలా మైళ్ళు నడపాలి. అవి పూర్తికాని కారుని మా మిషను 'సిద్ధంగా లేదు' అని ఫెయిల్ చేస్తుంది. ఈ తంతుకి దొంగదారి లేదు. ఇది మాత్రం నాకు అర్థమయ్యే విషయం.

మొదట వచ్చింది స్నేహితుల్లో ఒకరైన తెలంగాణ ఆయన. మా ఆయన్ని అన్నా అంటాడు, నన్ను వదినా అంటాడు. మిషను 'సిద్ధంగా లేదు' అంది.

"లైటు చెరిపారా?" అన్నాను.

"అన్న చెరిపిండు వదినా. రెండు నిమిషాల్ల ఖతం చేసిండు. ఏమైంది, మంచిగనే నడుస్తున్నది గదా?"

"ఫెయిలయింది."

"వదినా, మన కారే ఫెయిల్ చేస్తవా? గిది అన్యాయం!" అని నవ్వుతూ కాగితం తీసుకుపోయాడు. ఓనరు గాజు తలుపు వెనకనుంచి చూస్తున్నాడు. తర్వాతి వారం ఇంకొకటి అలాగే వచ్చింది. మూడోది వచ్చిన రోజు నేను మర్చిపోలేని రోజు.

అది మా షటిల్ స్నేహితుల్లో అందరికన్నా చిన్నవాడి కారు. తెచ్చింది అతని భార్య. ఆ అమ్మాయి రిసెప్షన్‌లో కూర్చుని, "ఆంటీ, ఎత్తు ఎక్కేటప్పుడు ఇంజన్ లైట్ బ్లింక్ అవుతోంది. అంకుల్ రెండుసార్లు క్లియర్ చేశారు. మళ్ళీ వస్తోంది" అంది. లైటు వెలిగితే ఒక రకం. మినుకుమినుకుమంటే ఇంజను సరిగా కాలడం లేదని, వెంటనే ఆపమని అర్థం. నేను మిషను తీసేలోపే మా సీనియర్ కారుని లిఫ్ట్ ఎక్కించేశాడు.

"ప్రొఫెసర్, ఇలా రా."

వెళ్ళాను. అగ్గిపెట్టెంత పెట్టె. చక్కగా నల్ల తొడుగు వేసి, తెల్ల సిరాతో నాలుగు అని రాసి ఉంది. మా ఆయన నాలుగు రాస్తే కుర్చీ తిరగేసినట్టుంటుంది. దానికి తగిలించిన ప్లగ్గు మీద పసుపు చుక్క.

ఆయన కళ్ళజోడు తీసి తుడుచుకుని మళ్ళీ పెట్టుకున్నాడు. "ఎవరు చేశారో గానీ, సోల్డరింగ్ చెయ్యి చాలా మంచిది" అన్నాడు. తర్వాత టార్చి లైటు వెనక్కి తిప్పాడు. "ఇదీ చూడు."

గొట్టం మధ్యలో పొగని శుభ్రం చేసే కన్వర్టర్ గుండు, మూకుడు మాడినట్టు నీలంగా, గోధుమరంగుగా ఉంది. కాలని పెట్రోలు అక్కడికొచ్చి కాలుతోంది. మా ఊళ్ళో ఇళ్ళ ముందు, పార్కింగుల పక్కన, ఎక్కడ చూసినా ఎండిన పైన్ సూదులు పరిచి ఉంటాయి. ఇంత వేడెక్కిన గొట్టం వాటి మీద ఆగితే ఏమవుతుందో ఆయన చెప్పలేదు. టార్చి మాత్రం పైకెత్తి కిటికీలోకి చూపించాడు. వెనకసీట్లో పాప కుర్చీ, దాని నిండా బిస్కెట్ ముక్కలు.

"నీకు తెలుసా?" అన్నాడు.

"తెలుసు. మా ఆయన చేసింది."

"ప్లగ్గు నేనిచ్చిందే."

"మీరు నాకిచ్చారు. ఆయనకిచ్చింది నేను."

ఆయన పెట్టె తీసి నా చేతిలో పెట్టి, అసలు తీగ అసలుచోట తగిలించడానికి వంగని మోకాలితో స్టూలు మీద ఒరిగాడు. నేను రిసెప్షన్‌లోకి వెళ్ళి ఆ అమ్మాయికి జరిగింది చెప్పాను. "తప్పు మాది" అన్నాను. ఆ అమ్మాయి కోప్పడితే బాగుండేది. "అయ్యో, అంకుల్ ఫీలవుతారేమో కదా ఆంటీ" అంది.

ఓనరు దగ్గరికి నేనే వెళ్ళాను. అతను అంతా విని, "మీవాళ్ళంతా కలిసి నా గ్యారేజీని ఏం చేద్దామనుకున్నారు?" అన్నాడు. నన్ను తనిఖీ పని నుంచి తీసి మళ్ళీ ఫోన్ల దగ్గర కూర్చోమన్నాడు. పదిహేను రోజుల్లో ఐదు కార్లూ పెట్టెలు లేకుండా నిజంగా పాసవ్వాలి. లేకపోతే ఇన్‌స్పెక్టర్ లైసెన్సులు ఇచ్చే ఆఫీసుకి తనే ఫోన్ చేసి నా పేరు చెబుతానన్నాడు. అతను చేసింది న్యాయమే. అన్న మాట న్యాయం కాదు. రెండూ నేను విడివిడిగా గుర్తుపెట్టుకున్నాను.

ఇంటికి వెళ్ళేసరికి మధ్యాహ్నం మూడయింది. మా ఆయన ఆరో నంబరు పెట్టె చేస్తున్నారు. నోట్లో ఏదో పాట. నాలుగో నంబరు పెట్టె ఆయన ముందు పెట్టాను.

"ఎవరు తీశారు దీన్ని? ఎందుకు తీశారు?"

నెమ్మదిగా చెబుదామనే వచ్చాను. ఆ 'ఎవరు తీశారు' వినగానే నాలో తాళం ఊడిపోయింది. కంట్రోల్ థియరీ దగ్గర మొదలుపెట్టి పులిహోర దాకా వెళ్ళాను. మధ్యలో మా పెళ్ళిలో వాళ్ళ పెద్దమ్మ అన్న మాట కూడా వచ్చింది. ఆయన ఏదీ వింటున్నట్టు లేదు. పెట్టె తిప్పి చూసుకుంటున్నారు. చివర్న, "ఆ గొట్టం కాలిపోయి నీలంగా అయిపోయిందండీ! వెనకసీట్లో పాప కుర్చీ ఉంది!" అన్నాను.

అది విన్నారు. సోల్డరింగ్ ఐరన్ స్విచ్చి కట్టారు. తీగ చుట్టలు చుట్టి పక్కన పెట్టారు. లేచి వెళ్ళి మా ఇంటి గరాజులో కార్లో కూర్చున్నారు.

నేను కాసేపు వంటింట్లో నిలబడ్డాను. పోట్లాటలో నేను గెలిచినట్టు నాకు తెలుసు. మీలో పోట్లాటలు గెలిచే అలవాటున్నవాళ్ళకి ఒక మాట చెబుతాను. గెలిచాక ఆ ఇంట్లోనే ఉండాలి.

రెండు కప్పుల కాఫీ కలిపి తీసుకెళ్ళి పక్కసీట్లో కూర్చున్నాను. ఆయన స్టీరింగ్ పట్టుకుని మూసి ఉన్న గరాజు తలుపు వైపు చూస్తున్నారు.

"పాపకేం కాలేదు కదా?"

"ఏం కాలేదు. సమయానికి చూశాం."

కాఫీ తీసుకున్నారు. రెండు గుక్కలు తాగి, "ఆఫీసులో నాకెవరూ చెప్పలేదు, నేను చేసింది ఏది పనికొచ్చిందో ఏది రాలేదో. ఇరవైరెండేళ్ళు. ఇది ఒక్కటి నా కళ్ళ ముందు పనిచేసింది అనుకున్నాను" అన్నారు.

నాకు ఓదార్చడం రాదు. నిజాలే వచ్చు. అందుకని ఒక నిజం చెప్పాను. "మా సీనియర్ మీ సోల్డరింగ్ చూసి చెయ్యి చాలా మంచిదన్నాడు."

"ఎవరూ, ఆ మోకాలు నొప్పాయనా? నిజంగా అన్నాడా?"

"నేను అబద్ధం చెబుతానా?"

"చెప్పవులే" అన్నారు. ఆ ఒక్క మాట కోసం నేను ముప్పై ఏళ్ళు కాచుకున్నానేమో అనిపించింది.

ఆ సాయంత్రం ఆయనే ఒక్కొక్కరికీ ఫోన్ చేశారు. నన్ను చెయ్యనివ్వలేదు. స్పీకర్ పెట్టుకుని చేశారు కాబట్టి నేనూ విన్నాను. "నాది పొరపాటు. పెట్టెలు తీసేద్దాం. కారు రేపు సాయంత్రం మా ఇంటి దగ్గర వదలండి." మొదట చేసింది తెలంగాణ స్నేహితుడికి.

"తీసేద్దాం అన్నా, దానికేముంది" అన్నాడతను.

"మైలేజీ బాగా వస్తోంది అన్నావు కదా. మళ్ళీ పడిపోతుంది."

అటువైపు టీవీ గొంతు తగ్గింది. "అన్నా, ఏమనుకోకు. మైలేజి ఎన్నడు పెరగలే. ఇంక రెండు తగ్గింది."

"మరి ప్రతి ఆదివారం పెరిగింది అన్నావు?"

"నువ్వు ఫోన్ల గంత ఖుషీగ అడుగుతుంటే ఏమని చెప్తం? అంతకుముందు మూడు నెలలు నువ్వు ఫోనే ఎత్తలే. మేమంత అనుకున్నం, అన్నకు వారానికో అర మైలు పెంచి చెప్దమని."

"అందరూనా?"

"అందరం. గ్రూప్ పెట్టుకున్నం. ఎవరు ఎంత చెప్పాల్నో అండ్ల రాసుకునేటోళ్ళం. ఒకనాడు ఇద్దరం ఒక్కతీరు నంబర్ చెప్తే నీకు డౌటొచ్చింది చూడు, గందుకే."

మా ఆయన ఫోన్ పట్టుకుని అలాగే కూర్చున్నారు. కోపం వస్తుందేమోనని చూశాను. ఆయన భుజాలు కదిలాయి. ఏడుస్తున్నారనుకుని లేచాను. నవ్వుతున్నారు. కళ్ళు తుడుచుకుంటూ నవ్వుతున్నారు. "గ్రూప్ పెట్టారటోయ్" అన్నారు నాతో. నాకు మాత్రం ఆ గ్రూపులో నన్నెందుకు చేర్చలేదా అని ఇప్పటికీ మనసులో ఉంది.

పెట్టెలు తీయడం ఒక సాయంత్రం పని. నేను కింద పడుకుని తీశాను, ఆయన పైనుంచి లైటు పట్టుకున్నారు. అసలు పని తర్వాత మొదలైంది. ఐదు కార్లలో పరీక్షలన్నీ మొదటినుంచి పూర్తవ్వాలి. రాత్రంతా ఆగి చల్లబడిన కారు పొద్దున్నే స్టార్ట్ చేసి, రెండు నిమిషాలు ఊరికే ఉంచి, హైవే మీద ఒకే వేగంతో కొన్ని మైళ్ళు పోయి, బ్రేకు వెయ్యకుండా కాలు తీసి నెమ్మదించి, మళ్ళీ అందుకోవాలి. ఒక్కో కారుకి రెండు మూడు పొద్దుటిపూటలు పడుతుంది. మా సీనియర్ తన సొంత స్కానర్ ఇచ్చాడు. దాని మీద ఒక్కో పరీక్ష పక్కన 'కాలేదు' అనో 'అయింది' అనో వస్తుంది.

నాకు ఫోన్ల డ్యూటీ పదింటికి. రోజూ ఆరున్నరకి ఇద్దరం బయల్దేరేవాళ్ళం. ఆయన నడిపేవారు, స్కానర్ నా ఒళ్ళో. ఎవరిదో కారు, ఎవరివో సీట్లు, ఎవరిదో అగరుబత్తి వాసన. ఫార్టీ నంబరు హైవే మీద తూర్పుకి, రెండు పక్కలా పైన్ చెట్లు. మొదటి రెండు రోజులూ "యాభై ఐదు దాటకండి", "కాలు తీయండి", ఇవే మా మాటలు. మూడో రోజుకి ఆయన వేరే మాటలు మాట్లాడటం మొదలుపెట్టారు. ఆఫీసు సంగతులు, మేనేజర్ల సంగతులు, ఎప్పుడో చేసి మూలపడేసిన చిప్పు సంగతి. ఇంట్లో ఎదురెదురుగా కూర్చుంటే ఈ మాటలు ఎప్పుడూ రాలేదు. ఇద్దరం ఒకే వైపు చూస్తుంటే వచ్చాయి.

తర్వాత ఏమైందో ముందే చెప్పేస్తాను, మీరు కంగారు పడకుండా. ఐదు కార్లూ గడువులోపల పాసయ్యాయి. నెల తర్వాత ఓనరు నన్ను మళ్ళీ తనిఖీ పనిలో పెట్టాడు. తన మాట మాత్రం వెనక్కి తీసుకోలేదు. మా ఆయనకి కొన్నాళ్ళకి కమ్యూనిటీ కాలేజీ లాబ్‌లో ఉద్యోగం దొరికింది. అక్కడ పిల్లలకి సోల్డరింగ్ నేర్పిస్తున్నారు. నేను కిందటేడు రిటైరయ్యాను. కానీ ఆ ఏడాదిని తలుచుకుంటే నాకు మొదట గుర్తొచ్చేది చివరి కారు, చివరి పొద్దున్న.

అది పాప కుర్చీ ఉన్న కారు. గడువుకి ఇంకా రెండు రోజులుంది. అన్ని పరీక్షలూ అయ్యాయి, ఒక్కటి తప్ప. ఆ నీలంగా మారిన గుండు బతికుందో లేదో చెప్పే పరీక్ష. అది కాకపోతే నా లైసెన్సు ఏమవుతుందో ఇద్దరికీ తెలుసు. అందుకే ఆ రోజు బయల్దేరాక ఆయన వేగం ముల్లు చూసుకుంటూ నడిపారు. కాలు బొమ్మలా కదలకుండా పెట్టారు. రాలీ ఊరు దాటి, ఇళ్ళు పలచబడ్డాక, రోడ్డు మీదనుంచి చూపు తిప్పకుండా అన్నారు.

"నీకొకటి చెప్పలేదు."

"ఏంటది?"

"నన్ను తీసేసింది ఆ శుక్రవారం కాదు. అంతకు పదకొండు రోజుల ముందే."

నేను స్కానర్ మీంచి తల ఎత్తాను.

"నీకు చెప్పే ధైర్యం చాల్లేదు. రోజూ ఎనిమిదింటికి బయల్దేరి లైబ్రరీ పార్కింగ్‌లో కూర్చునేవాణ్ణి. లోపలికి వెళితే తెలిసినవాళ్ళు కనపడతారని కార్లోనే. నువ్వు కట్టిన డబ్బా పన్నెండున్నరకి తినేవాణ్ణి, ఆఫీసులో తిన్న టైముకే. అయిదున్నరకి ఇంటికి."

పదకొండు రోజులు. వంకాయ కూర ఒకరోజు, దోసకాయ పప్పు ఒకరోజు, గోంగూర ఒకరోజు. నేను పొద్దున్నే లేచి కట్టిన డబ్బాలు. నాకు చెప్పకుండా, నా ఎదురుగానే బూట్లు వేసుకుని. నాకు జరిగిన అవమానాలన్నిటిలోకీ ఇదే పెద్దది. మామూలుగా అయితే ఆ ఎగ్జిట్ దగ్గరే కారు ఆపించి ఉండేదాన్ని.

"డబ్బా మాత్రం ఒక్కరోజూ మిగల్చలేదు" అన్నారు. "మిగిలిస్తే కనిపెట్టేస్తావని ముందు. తర్వాత్తర్వాత, రోజు మొత్తంలో ఎదురుచూడటానికి అదొక్కటే ఉండేది."

ఇంకా చెబుతున్నారు. పక్క కార్లో రోజూ ఒక ముసలాయన నిద్రపోయేవాడట. వారం తర్వాత ఇద్దరూ చెయ్యి ఊపుకునేవారట. వానొచ్చిన రోజున ఇంటికొచ్చేద్దామని సగం దూరం వచ్చి వెనక్కి తిరిగారట. నేను ఒళ్ళో ఉన్న స్కానర్ వైపు చూశాను. ఆఖరి వరస మారింది. 'అయింది' అని ఉంది. ఐదు కార్లలో ఆఖరి కారు, ఆఖరి పరీక్ష. నా లైసెన్సు దక్కింది.

"ఏమైంది, వచ్చిందా?" అన్నారు. "ఈ ఎగ్జిట్‌లో తిరిగిపోదామా?"

నేను స్కానర్ బోర్లించి పెట్టుకున్నాను.

"ఇంకా కాలేదు. పోనివ్వండి" అన్నాను. "ఆ ముసలాయన తర్వాత ఏమయ్యాడు?"